ఇంగ్లీషు కవితలో ఊడ్చిన మెట్లు

పన్నెండో తరగతిలోకి వచ్చేదాకా నేను ఇంగ్లీషు కవిత ఒక్కటి కూడా చదవలేదు. చదవకుండానే మంచి మార్కులు తెచ్చుకున్నాను. మా బడిలో అందరూ అంతే. రాయ్‌పూర్‌లో బళ్ళు తెరిచే రోజుల్లో పుస్తకాల దుకాణంవాళ్ళు పాఠ్యపుస్తకంతో పాటు కుంజీ కూడా కలిపి కట్టి ఇచ్చేవాళ్ళు. కుంజీ అంటే తాళంచెవి. ప్రశ్నలూ జవాబులూ అచ్చువేసిన గైడుకి అక్కడ అందరూ పిలిచే పేరు అదే. పదకొండులో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు కవితను ఒకసారి గబగబా పైకి చదివి, "ఇక కుంజీ తీయండి" అనేవారు. మేం తీసేవాళ్ళం. కవితలో చెట్టు ఉంటే అది ప్రకృతి, దారి ఉంటే జీవితం, సాయంత్రం ఉంటే మరణం. ఈ మూడూ తెలిస్తే ఏ ప్రశ్నకైనా సగం పేజీ నింపవచ్చు.

ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన తర్వాతి మొదటి సంవత్సరాల మాట. ఊళ్ళో ఎటు చూసినా రోడ్లు తవ్వుతూ ఉండేవాళ్ళు. మేము గుఢియారీ దగ్గర రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సు గార్డు. మావాళ్ళది శ్రీకాకుళం జిల్లా. తాత రైల్వేలో చేరి ఇటు వచ్చాడు, తిరిగి వెళ్ళలేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ, కూరలమ్మే వాళ్ళతో ఛత్తీస్‌గఢీ. తెలుగు అక్షరాలు అమ్మ ఒక వేసవి సెలవుల్లో పలక మీద దిద్దించింది కాబట్టి ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను. ఇంగ్లీషు మాత్రం పుస్తకంలో ఉండే భాష. ఆ భాషలో ఎవరైనా ఏడుస్తారనీ, పోట్లాడుకుంటారనీ, కప్పులు కడుగుతారనీ నాకు తట్టేది కాదు.

పన్నెండులో కొత్త మేడమ్ వచ్చారు. జబల్‌పూర్ నుంచి వచ్చారని చెప్పుకున్నారు. యాభై దాటిన మనిషి. నూలు చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. గొంతు పెద్దది కాదు. వెనక బెంచీలవాళ్ళు మాట్లాడుతుంటే కేకలేసేవారు కాదు, వాళ్ళు ముగించేదాకా ఆగేవారు. కొన్నాళ్ళకి మాట్లాడటం వాళ్ళే మానేశారు.

మొదటి కవిత చెప్పిన రోజున ఆవిడ దాన్ని నెమ్మదిగా చదివి, పుస్తకం మూసి అడిగారు.

"ఇందులో ఏం జరుగుతోంది?"

ముందు బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి, క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కు అతనిదే, లేచి ప్రకృతి సౌందర్యం గురించి రెండు వాక్యాలు అప్పజెప్పాడు.

"అది అర్థం. నేను అడిగింది ఏం జరుగుతోందని. ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు?"

అతను పుస్తకం తెరిచి చూసుకున్నాడు. ఎవరున్నారో అతనికి తెలియదు. నాకూ తెలియదు. అది ఒక ముసలాయన గుర్రాన్ని అమ్మేసి నడిచి ఇంటికి పోయే కవిత. ప్రకృతి అందులో ఉందిగానీ, ఆయన దాని వంక చూడనైనా చూడడు. ఇది తెలుసుకోవడానికి మాకు ఒక పీరియడ్ పట్టింది. చివర్లో ఆవిడ అన్నారు: "ముందు ఏం జరిగిందో చెప్పండి. తర్వాత దాని మతలబ్ చెప్పండి. ముందుది తెలియకుండా రెండోది చెబితే అది చాడీ అవుతుంది."

మాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

నా పక్కన కూర్చునే అమ్మాయి తిల్దా నుంచి వచ్చేది. తిల్దా రైస్ మిల్లుల ఊరు, రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే దారిలో ఉంటుంది. రోజూ పొద్దున లోకల్ రైలు ఎక్కి వచ్చి, సాయంత్రం లోకల్‌లోనే పోయేది. వాళ్ళ నాన్న అక్కడొక మిల్లులో మునీమ్, అంటే లెక్కలు రాసే గుమస్తా. పిల్లను రాయ్‌పూర్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివించాలని ఆయన పట్టు. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడితే మాత్రం ఉన్నదున్నట్టు అనేసేది. అందుకని కొందరికి ఆమెంటే పడేది కాదు. ఆమె డబ్బా విప్పితే బియ్యప్పిండి రొట్టె, టమాటా పచ్చడి. నా డబ్బాలో పులిహోర ఉంటే సగం ఆమెకు పోయేది.

వానాకాలం మధ్యలో ఆమె బడికి రావడం ఆగిపోయింది. మొదట జ్వరమనుకున్నాం. తర్వాత తిల్దా నుంచే వచ్చే ఇంకో పిల్లాడు చెప్పాడు, వాళ్ళ నాన్న మిల్లు ఆవరణలోనే గుండె నొప్పితో కూలిపోయాడని. ఆయన్ని రాయ్‌పూర్ తీసుకొస్తుండగా దారిలోనే ప్రాణం పోయిందట. ప్రార్థన సమయంలో మమ్మల్ని రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టారు. ఆయన్ని మాలో ఎవరూ చూడలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఆమె తిరిగి వచ్చింది. బాగా చిక్కిపోయింది, అంతకుమించి చూడటానికి తేడా ఏమీ లేదు. జడలు ఎప్పటిలాగే గట్టిగా అల్లుకుంది. ఆమెతో ఏం మాట్లాడాలో మాలో ఎవరికీ తెలియలేదు. నేను నోట్సులిచ్చాను. ఆమె తీసుకుంది. మధ్యాహ్నం ఇద్దరం పక్కపక్కన తిన్నాం. ఆ రోజు నుంచి సాయంత్రాలు నేను కూడా ఆమెతో స్టేషన్ దాకా నడిచేదాన్ని. మా ఇంటికి అది పెద్ద చుట్టేమీ కాదు.

ఆ వారమే పుస్తకంలో కొత్త కవిత మొదలుకావాలి. మేడమ్ వచ్చి, పుస్తకం తెరిచి, ఒక పేజీ దగ్గర ఆగి, దాన్ని తిప్పేసి తర్వాతి కవిత పేరు బోర్డు మీద రాశారు. మాలో చాలామంది గమనించలేదు. నా పక్కనున్న అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, ఒక పోయమ్ వదిలేశారు."

"దాన్ని తర్వాత చూద్దాం."

"నేను చదివాను మేడమ్, రైల్లో. నా గురించి వదిలేస్తుంటే వద్దు. చెప్పండి."

క్లాసంతా ఆమె వైపు తిరిగి, వెంటనే చూపులు తిప్పేసుకుంది.  మేడమ్ బోర్డు మీద రాసినదాన్ని డస్టరుతో తుడిచేశారు.

"సరే," అన్నారు.

కవిత చిన్నది. పేజీలో సగం కూడా లేదు. ఎవరు రాశారో నాకు గుర్తులేదు. ఒక స్త్రీ పొద్దున లేచి ఇంటి ముందు మెట్లు ఊడుస్తుంది. పొయ్యి వెలిగిస్తుంది. అలమారలోంచి రెండు కప్పులు తీస్తుంది, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తుంది. మధ్యాహ్నం ఎండ వరండాలో ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుగుతుంది. సాయంత్రం ఆమె తలుపు తీసి చూస్తుంది. మెట్లు పొద్దున ఊడ్చినట్టే ఉన్నాయి. గాలి లేదు. వరండాలో ఊగే కుర్చీ ఒకటి ఉంది. చివరి పంక్తి మూడే మాటలు: ది చెయిర్, స్టిల్.

ఊగే కుర్చీని మాలో ఎవరూ చూడలేదు. మేడమ్ బోర్డు మీద బొమ్మ వేశారు. అది చక్రాలు లేని రిక్షాలా వచ్చింది. ఏం జరుగుతోందో ఒక్కొక్కరం ఒక్కో పంక్తి చొప్పున చెప్పుకుంటూ వెళ్ళాం. ఒక కప్పు ఎందుకు వెనక్కి పెట్టింది అన్నప్పుడు ఎవరూ చెయ్యెత్తలేదు. అందరికీ తెలుసు. నా పక్కనమ్మాయే చెప్పింది, "ఇద్దరికి తీయడం చేతులకు అలవాటు మేడమ్" అని.

అప్పుడు ఆ మొదటి మార్కు అబ్బాయి, అలవాటు ప్రకారం, "ఖాళీ కుర్చీ మరణానికి ప్రతీక మేడమ్" అన్నాడు. అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. కుంజీలో ఉన్న వాక్యమే అది, అతను కావాలని అనలేదు.

మేడమ్ ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. చివరి మాట దగ్గరికి వెళ్ళారు. స్టిల్ అంటే ఇంగ్లీషులో రెండు అర్థాలున్నాయి: ఇంకా అని ఒకటి, కదలకుండా అని ఒకటి. కుర్చీ ఇంకా ఉందా, కుర్చీ కదలడం లేదా? కవి రెండింటిలో ఏది అన్నట్టు? కామా పెట్టి వదిలేశాడుగా.

"రేపు అందరూ ఈ చివరి పంక్తిని మీ ఇంటి భాషలో చెప్పుకు రండి," అన్నారు. "హిందీలో కాదు. ఇంట్లో ఏది మాట్లాడతారో అందులో."

ఆ సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్నాడు. నేను పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. కవిత మొత్తం తెలుగులో చెప్పి, స్టిల్‌ని తెలుగులో ఏమంటారని అడిగాను.

"ఇంకా," అన్నాడు నాన్న. "ట్రైన్ ఈజ్ స్టిల్ ఎట్ తిల్దా అంటాం కదా. ఇంకా తిల్దాలోనే ఉందీ అని మతలబ్."

"మరి తిల్దాలో ఉందంటే కదలకుండానే కదా ఉంటాది," అంది అమ్మ.

నాన్న ముద్ద ఆపి ఆలోచించాడు. "అదీ నిజమే," అన్నాడు.

"అయినా కుర్చీ మీద పాఠం ఏటి?" అంది అమ్మ.

"కుర్చీ మీద కాదమ్మా. వాళ్ళాయన పోయాడు."

"పోయాడని రాశాడా?"

"రాయలేదు."

"మరి ఊరెల్లాడేమో," అంది. అని, నాన్న కంచం చూసి, "ఆ బెండకాయ ఏటండీ, వేసింది వేసినట్టు అలగే ఉంది? తినరా?" అంది.

అమ్మ మాట్లాడింది బెండకాయ గురించే. నేను మాత్రం ఆ 'అలగే' దగ్గర ఆగిపోయాను. కుర్చీ అలాగే ఉంది. కదల్లేదని చెప్పినట్టూ ఉంది, ఇంకా ఉందని చెప్పినట్టూ ఉంది. రెండూ ఒక్క మాటలో వచ్చాయి. అంతకుముందు రోజుకి పదిసార్లు వాడిన మాటే అది. చేతిలో ఉన్న పుస్తకం మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్నాను. నా పుస్తకంలో నేను సొంతంగా రాసుకున్న మొదటి ముక్క అదే అనుకుంటాను.

మర్నాడు క్లాసు సందడిగా ఉంది. ఒకరు సింధీలో చెప్పారు, ఒకరు ఒడియాలో, ఇద్దరు మరాఠీలో. ఎక్కువమంది రెండు అర్థాల్లో ఒకటే పట్టుకొచ్చారు. నా వంతు వచ్చినప్పుడు "కుర్చీ అలాగే ఉంది" అన్నాను. క్లాసులో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. మేడమ్ నన్ను రెండోసారి చెప్పమన్నారు. 'అలాగే' అంటే ఏమిటో హిందీలో వివరించమన్నారు. నేను బెండకాయ కూరతో వివరించాను. అందరూ నవ్వారు. మేడమ్ కూడా కాస్త నవ్వారు.

నా పక్కనమ్మాయి లేచి, "కుర్సీ వైసనే హే" అంది. ఛత్తీస్‌గఢీలో 'వైసనే' అంటే 'అలాగే'. నా మాటే ఆమె భాషలో వచ్చి కూర్చుంది. ముందుగా మేమిద్దరం దీని గురించి మాట్లాడుకోలేదు. ఆమె నా వైపు చూసింది. నాకు లోపల చిన్న సంతోషం కలిగింది.

ఆమె కూర్చోలేదు.

"మేడమ్, కుర్చీ మరణం అని నిన్న ఇతను అన్నాడు కదా. నాకు అలా అనిపించలేదు."

"చెప్పు."

"మా పాపా కుర్చీలో మర్నాడే చుట్టాలు కూర్చున్నారు. ఇంట్లో కుర్చీలు చాల్లేదు. పక్కింటి నుంచి కూడా తెచ్చాం. పాపా కుర్చీలో మొదట మా మేనత్త భర్త కూర్చున్నాడు, తర్వాత ఎవరెవరో. ఎవరూ ఏమీ అనుకోలేదు. మరణం వస్తే కుర్చీ ఖాళీగా ఉండదు మేడమ్. ఖాళీగా ఉందంటే ఆమె ఇంటికి ఎవరూ రాలేదని."

గొంతు మామూలుగానే ఉంది. గణితంలో లెక్క వివరించినట్టు చెప్పింది.

మేడమ్ వెంటనే మెచ్చుకోలేదు. "అది మీ ఇంటి విషయం," అన్నారు. నాకు ఆ మాట కొంచెం కటువుగా వినిపించింది. "కవితలో ఎక్కడుంది? పంక్తి చూపించు."

"మెట్లు మేడమ్. పొద్దున ఊడ్చింది. సాయంత్రం చూస్తే ఊడ్చినట్టే ఉన్నాయి. ఎవరైనా వస్తే తొక్కుతారు కదా. మట్టి పడుతుంది. మా మెట్లు అన్ని రోజులూ బురదే. అమ్మ ఊడవడం మానేసింది."

 అందరం పుస్తకాల్లో మెట్ల కోసం వెతుక్కున్నాం. మెట్లు అక్కడే ఉన్నాయి, రెండుచోట్లా. కుంజీలో మెట్ల గురించి ఒక్క ముక్క లేదు.

మొదటి మార్కు అబ్బాయి లేచాడు. అతనికి ఓడిపోవడం ఇష్టముండదు. "కానీ మేడమ్, విదేశాల్లో చెప్పకుండా ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు. అక్కడ మెట్లు రోజూ శుభ్రంగానే ఉంటాయి. అందులో విశేషం ఏముంది?"

మంచి ప్రశ్న అని నాకు అనిపించింది. మేడమ్‌కీ అనిపించినట్టుంది. ఆవిడ నా పక్కనమ్మాయి వైపు చూశారు. ఆమె జవాబు ఇంకెవరికో చెబుతున్నట్టు పుస్తకంలోకి చూస్తూ చెప్పింది.

"రోజూ అంతే అయితే సాయంత్రం తలుపు తీసి ఎందుకు చూసింది?"

అతను కూర్చున్నాడు. ఆ తర్వాత క్లాసు చేయి దాటిపోయింది. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. ఆమె అందరితో గొడవ పెట్టుకుని ఉంటుందని ఒకరు. అసలు భర్త చనిపోలేదు, వదిలేసి పోయాడు, అందుకే ఎవరూ పరామర్శకు రాలేదని ఒకరు. మా అమ్మ అన్నదీ దాదాపు అదే కదా అనుకున్నాను. ఎవరేమన్నా మేడమ్ "పంక్తి చూపించు" అనడం ఒక్కటే చేశారు. చూపించలేనివాళ్ళు కూర్చున్నారు. గంట కొట్టాక కూడా ఇద్దరు ముగ్గురు నిలబడే ఉన్నారు. వెళ్ళేముందు మేడమ్ తన పుస్తకంలో ఆ పేజీ పక్కన పెన్సిలుతో ఏదో రాసుకోవడం చూశాను.

సాయంత్రం ఇద్దరం స్టేషన్‌కి నడుస్తున్నాం. వాన వెలిసింది. రోడ్డు తవ్విన చోట నీళ్ళు నిలవడంతో చెక్క పలకలు వేశారు. వాటి మీద నడిచి దాటాక నా పక్కనమ్మాయి అంది.

"మొదట్లో అందరూ వెళ్ళిపోతే బాగుండుననిపించింది. వంటలు, పిల్లల ఏడుపులు, ఎవరో ఒకరు అమ్మను పట్టుకుని కదిలించడం. అందరూ వెళ్ళిపోయాక ఇల్లు చూస్తే ఎవరైనా వస్తే బాగుండుననిపించింది."

నేను "ఊఁ" అన్నాను.  లోకల్ వచ్చింది. ఆమె ఎక్కింది.

అర్ధసంవత్సర పరీక్షలో ఆ కవిత మీద ప్రశ్న వచ్చింది. కవితలో కుర్చీ దేనికి ప్రతీక? ప్రశ్నపత్రం తయారు చేసిందీ, మా పేపర్లు దిద్దిందీ పదకొండులో మాకు చెప్పిన సారు. క్లాసులో సగంమంది మెట్ల గురించి రాశాం. ఎవరూ రాలేదని, పంక్తులతో సహా రాశాం. ఆ జవాబుకి అందరికీ సున్నా పడింది. ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన 'ప్రశ్నకు సంబంధం లేదు' అని. కుంజీ వాక్యం రాసినవాళ్ళకు పూర్తి మార్కులు వచ్చాయి.

విచిత్రం ఏమిటంటే ఆ మొదటి మార్కు అబ్బాయి కూడా మెట్ల గురించే రాశాడు. ఆ సున్నాతో అతను రెండో స్థానానికి దిగిపోయాడు. మర్నాడే అతని తండ్రి బడికి వచ్చాడు. ఆ తర్వాత ప్రిన్సిపల్ గారు మా క్లాసుకు వచ్చారు, మేడమ్ ఒక పక్కగా నిలబడి ఉండగానే.

"క్లాసులో చెప్పిందొకటి, పరీక్షలో కావలసింది ఇంకొకటి అయితే పిల్లలు నష్టపోతారు," అన్నారు ఆయన. మాటలు మాతో, చెప్పడం మేడమ్‌కి. తర్వాత ఆ అబ్బాయిని లేపారు. "నీకు సరైన జవాబు తెలియదా?"

"తెలుసు సర్. కుంజీలో ఉంది."

"మరి ఎందుకు రాయలేదు?"

అతను తలవంచుకుని, "నాకు రెండోదే నిజమనిపించింది సర్," అన్నాడు.

"అనిపించడాలు కాలేజీలో చూసుకుందువుగాని. ఇది బోర్డు సంవత్సరం." ఆయన కోపంగా అనలేదు. బడి ఫలితాలు ఆయన బాధ్యత. ఆ తర్వాత ఆ సారునీ, మేడమ్‌నీ ఆఫీసుగదికి పిలిచి మాట్లాడారని విన్నాం. లోపల ఏం జరిగిందో మాకు తెలియదు.

మరుసటి పీరియడ్‌లో మేడమ్ వచ్చి అందర్నీ రాసుకోమన్నారు. అన్ని కవితలకూ జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. కుంజీలోవే, భాష మాత్రం కాస్త బాగుచేసినవి. ఒక్కో వాక్యం రెండుసార్లు, కామాలతో సహా. కుర్చీ మరణానికి ప్రతీక అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా పక్కనమ్మాయి పెన్ను కింద పెట్టింది.

మేడమ్ చూశారు. "రాసుకో," అన్నారు.

"ఇది తప్పు కదా మేడమ్."

"తప్పు కాదు. తొందరపాటు. కవిత సగం చదివినవాళ్ళకు అలాగే కనిపిస్తుంది." పుస్తకం బల్ల మీద పెట్టారు. "వినండి. బోర్డు పేపర్లు దిద్దేవాళ్ళ ముందు పెద్ద కట్టలుంటాయి. వాళ్ళకు కావలసిన వాక్యం మొదట రాసేయండి. మార్కు దానికి పడుతుంది. దాని కింద మీరు చదివింది రాయండి, పంక్తి చూపించి. అది ఎవరైనా చదవచ్చు, చదవకపోవచ్చు. కానీ రాయడం మానకండి."

"చదవకపోతే ఎందుకు రాయడం?" అంది నా పక్కనమ్మాయి.

 "నీకు రాసే అలవాటు తప్పిపోకుండా ఉండటానికి," అన్నారు మేడమ్.

ఆమె పెన్ను తీసుకుని రాసుకుంది. ఒప్పుకుందో లేదో నాకు తెలియలేదు. ఆ తర్వాత పీరియడ్‌లు రెండు ముక్కలయ్యాయి. సగం జవాబులు చెప్పి రాయించడం, సగం 'ఏం జరుగుతోంది' అని అడగడం. పరీక్షలు దగ్గరపడేకొద్దీ మొదటి సగం పెరిగి రెండోది తగ్గింది. జనవరి వచ్చేసరికి రెండోది లేనే లేదు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకు అర్థశాస్త్రం వెనకబడి ఉంది.

బోర్డు పరీక్షలో ఆ కవిత రానేలేదు. గుర్రం అమ్ముకున్న ముసలాయన వచ్చాడు. నేను మేడమ్ చెప్పినట్టే మొదట ప్రకృతి సౌందర్యం రాసి, దాని కింద ఆయన ప్రకృతి వంక చూడకుండా నడిచాడని రాశాను. రెండూ ఒకదానికొకటి పొసగవు. దిద్దినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. ఇంగ్లీషులో నాకు వచ్చిన మార్కులు అంతకుముందు ఎప్పుడూ వచ్చినన్నే. మొదటి మార్కు అబ్బాయి మళ్ళీ మొదటికి వచ్చాడు. నా పక్కనమ్మాయికి నాకంటే కొంచెం ఎక్కువ వచ్చాయి. వాళ్ళ చిన్నాన్న వచ్చి మార్కుల కాగితం తీసుకెళ్ళాడు. ఆ రోజు ఆమె రాలేదు.

మేడమ్ ఆ తర్వాత కొన్నేళ్ళు అక్కడే చెప్పి రిటైరయ్యారు. జబల్‌పూర్ తిరిగి వెళ్ళిపోయారని మా తర్వాతి పిల్లలు చెప్పారు. ఆవిడ చివరిదాకా సగం పీరియడ్ పద్ధతిలోనే చెప్పారట, ప్రతి ఏడూ జనవరి దాకా.

నేను రాయ్‌పూర్‌లోనే డిగ్రీ చేసి, ఒక బీమా ఆఫీసులో చేరాను. నాన్న రిటైరయ్యాక రైల్వే క్వార్టరు వదిలి ఊరి అవతల చిన్న ఇల్లు తీసుకున్నాం. కవితలు చదవడం నాకు అలవాటు కాలేదు. ఎప్పుడైనా ఏ పత్రికలోనో కనబడితే, ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అని చూస్తాను. అది తెలిస్తే మిగతాది చదువుతాను. తెలియకపోతే పేజీ తిప్పుతాను. క్లెయిము కాగితాలు చదివేటప్పుడు కూడా అదే చేస్తానని ఒకసారి గమనించాను. ముందు ఏం జరిగిందో చూడటం. ఆఫీసులో దానివల్ల నాకు మంచి పేరే వచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత, పెళ్ళిళ్ళ రోజుల్లో, పండరీ బట్టల బజారులో నా పాత బెంచీ స్నేహితురాలు కనిపించింది. ఆమే నన్ను గుర్తుపట్టి పిలిచింది. ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి. తిల్దాలోనే ఉందట, ఒక ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెబుతోందట. చెల్లెలి పెళ్ళికి చీరలు కొనడానికి వచ్చింది. వాళ్ళమ్మ దుకాణం లోపల పరుపు మీద కూర్చుని, ముందు గుట్టగా పడ్డ చీరల్లోంచి ఏదీ నచ్చనట్టు చూస్తోంది. ఆవిణ్ణి నేను అప్పుడే మొదటిసారి చూశాను. నమస్కారం పెట్టాను.

దుకాణంవాళ్ళు టీ తెప్పించారు. అవీ ఇవీ మాట్లాడుకున్నాం. నేను ఆ కవిత గురించి అడిగాను, మెట్లూ కుర్చీ ఉండేది, గుర్తుందా అని.

ఆమె ఆలోచించింది. "ఏ పోయమ్?" అంది.

నేను క్లుప్తంగా చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది.

"నేను అలా అన్నానా," అంది. "నాకు ఆ ఏడాది పెద్దగా ఏమీ గుర్తులేదు. పరీక్ష హాల్లో ఫ్యాను తిరగకపోవడం గుర్తుంది. నువ్వు రోజూ స్టేషన్ దాకా వచ్చేదానివి, అది గుర్తుంది. ఎందుకొచ్చేదానివి? మీ ఇల్లు అటు కాదు కదా."

"కొంచెం చుట్టు, అంతే," అన్నాను.

"పెద్ద చుట్టే," అంది ఆమె.

లోపలినుంచి వాళ్ళమ్మ పిలిచింది. ఒక చీర మీద ఆవిడకు అనుమానం, నీలమా ఆకుపచ్చా అని. దుకాణంలో ట్యూబులైట్ల కింద తెలియడం లేదు. మేమిద్దరం చీరను చెరో కొసా పట్టుకుని గుమ్మం బయటికి తెచ్చి ఎండలో పరిచి చూశాం. దుకాణం మనిషి కొస నేలకు తగలకుండా వెనకాలే వచ్చాడు. ఎండలో అది నెమలి రంగులా ఉంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇదే ఉంచు," అంది. నా స్నేహితురాలు లోపలికి వెళ్ళి ఇంకో రెండు చూపించమంది. నాకు బస్సు టైమైంది, వస్తానని చెప్పి బయల్దేరాను.